తలనొప్పి బిళ్ళ ఇచ్చే ముందు నేను వేసే ప్రశ్నలు

పల్నాడులోని ఒక చిన్న పట్టణంలో మందుల షాపు నడుపుతున్న ఫార్మసిస్టును నేను. డాక్టరు చీటీ లేకుండా వచ్చి అడిగేవాటిలో మా దగ్గర జ్వరం బిళ్ళ తర్వాతి స్థానం తలనొప్పి బిళ్ళదే. ఎండలు ముదిరే నెలల్లో ఆ వరుస కూడా తారుమారవుతుంది. తలనొప్పి అని వచ్చినవారిని నాలుగు ప్రశ్నలు వేయకుండా పంపడం నాకు అలవాటు లేదు. "బిళ్ళ అడిగితే పుట్టుపూర్వోత్తరాలు అడుగుతావేంటయ్యా" అని విసుక్కునేవారు ఉన్నారు, పక్క షాపుకు వెళ్లిపోయేవారూ ఉన్నారు. అయినా అడుగుతాను.

నొప్పి ఎంత ఎక్కువగా ఉందన్నది ఆ నాలుగింటిలో లేదు. తలనొప్పి విషయంలో తీవ్రత మనకు చెప్పేది చాలా తక్కువ. ప్రాణానికి హాని చేయని మైగ్రేన్ మనిషిని రెండు రోజులు చీకటి గదిలో పడుకోబెట్టగలదు. మెదడు పొరలకు సోకిన క్షయ మొదట్లో పనులు చేసుకోనిచ్చేంత దిమ్ముగానే ఉండి వారాల తరబడి సాగవచ్చు. అందుకని నేను తెలుసుకోవాలనుకునేది ఇది: నొప్పి ఎంత వేగంగా మొదలైంది, ఇంతకు ముందు కూడా అచ్చం ఇలాగే వచ్చేదా, దానితో పాటు ఇంకేమున్నాయి, ఈ నెలలో ఇప్పటికి ఎన్ని రోజులు బిళ్ళ వేసుకున్నారు. జబ్బు ఏదో తేల్చడం డాక్టరు పని. ఎవరికి బిళ్ళ ఇచ్చి పంపవచ్చో, ఎవరిని నేరుగా ఆసుపత్రికి పంపాలో చూడటం మాత్రం కౌంటరు వెనక నిలబడినవాడి పని కూడానని నా అభిప్రాయం.

మెదడు కణజాలానికి స్వయంగా నొప్పి తెలియదు. తలలో నొప్పిని గ్రహించేవి మెదడును కప్పి ఉన్న పొరలు, రక్తనాళాలు, తల, మెడ కండరాలు. ముఖం, కళ్లు, నుదురు, మెదడు పొరల నుంచి సంకేతాలను మోసుకెళ్లే ట్రైజెమినల్ నరమూ, మెడ పైభాగం నుంచి వచ్చే నరాలూ మెదడు కాండంలో దాదాపు ఒకే చోట కలుస్తాయి. ఆ ఒక్క కారణం చేత, మెదడు పొరల దగ్గర మొదలైన నొప్పి కొందరికి బుగ్గ ఎముక మీద, కొందరికి కనుబొమల మధ్య, మరికొందరికి మెడ వెనక తెలుస్తుంది. నొప్పి ఎక్కడ తెలుస్తోందో జబ్బు కూడా అక్కడే ఉందనుకోవడం సహజమే కానీ, మన ఇళ్లలో తలనొప్పికి తప్పుడు పేర్లు పడేది సరిగ్గా ఇక్కడే.

అంతర్జాతీయ తలనొప్పి సంఘం 2018లో ప్రచురించిన వర్గీకరణ మూడవ కూర్పు తలనొప్పులను స్థూలంగా రెండుగా విడదీస్తుంది. వేరే జబ్బేదీ లేకుండా తలనొప్పే జబ్బుగా ఉండేవి మొదటి రకం. మరొక జబ్బుకు లక్షణంగా వచ్చేవి రెండవ రకం. మొదటి రకంలో మనకు తరచు ఎదురయ్యేవి టెన్షన్ తలనొప్పి, మైగ్రేన్.

టెన్షన్ తలనొప్పి గురించి చెప్పవలసింది ఎక్కువ లేదు. తలకు పాగా బిగించి కట్టినట్టు రెండు వైపులా నొక్కుతుంది, పోట్లు ఉండవు, వాంతి రాదు, మెట్లెక్కినా నడిచినా పెరగదు. అరగంట నుంచి వారం రోజుల వరకు ఉండవచ్చు. నిద్ర చాలకపోవడం, మెడ వంచి గంటల తరబడి చేసే పని, మనసు మీద భారం దీనికి తోడవుతాయి. అప్పుడప్పుడు వస్తే ఒక పారాసెటమాల్, కాస్త విశ్రాంతి సరిపోతాయి.

అమృతాంజనం రాసుకుంటే తగ్గుతుందా అని అడిగేవారికి, రాసుకోవచ్చనే చెబుతాను. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు 1893లో బొంబాయిలో మొదలుపెట్టిన ఆ పసుపుపచ్చ బామ్ తెలుగు ఇళ్లలో నాలుగైదు తరాలుగా ఉంది. ఆ వ్యాపారం సంపాదించి పెట్టిన డబ్బు ఆయన నడిపిన ఆంధ్రపత్రికకు దన్నుగా నిలిచింది కూడా. ఇలాంటి బాముల సంగతి పూర్తిగా మన భ్రమ కాదు. 1990లలో జర్మనీలో జరిగిన ఒక పరీక్షలో 10 శాతం పెప్పర్‌మింట్ నూనెను నుదుటికి, కణతలకు రాస్తే టెన్షన్ తలనొప్పి మీద అది 1000 మిల్లీగ్రాముల పారాసెటమాల్‌తో పోల్చదగ్గంతగా పనిచేసింది. పసిపిల్లల ముక్కు దగ్గర మాత్రం మెంథాల్, కర్పూరం ఉన్నవేవీ రాయకూడదు.

మైగ్రేన్‌కు వస్తే, చెప్పవలసింది చాలా ఉంది. కర్ణాటకలో, బెంగళూరు నగరంలోనూ చుట్టుపక్కల పల్లెల్లోనూ 18 నుంచి 65 ఏళ్ల మధ్యవారిని ఇంటింటికీ వెళ్లి ప్రశ్నించి చేసిన ఒక అధ్యయనం 2015లో వెలువడింది. ఏడాది కాలంలో తలనొప్పి వచ్చినవారు 63.9 శాతం కాగా, మైగ్రేన్ ఉన్నవారు 25.2 శాతమని అది తేల్చింది. నలుగురిలో ఒకరన్నమాట. మన రాష్ట్రాల్లో ఇంతకంటే చాలా తక్కువగా ఉంటుందనుకోవడానికి నాకైతే కారణం కనిపించదు. అయినా షాపుకు వచ్చి "నాకు మైగ్రేన్ ఉంది" అనేవారు చాలా అరుదు. పైత్యం అంటారు, సైనస్ అంటారు, బీపీ అంటారు, మెడ నరాలు పట్టేశాయంటారు, కళ్లజోడు మార్చాలంటారు, వేడి చేసిందంటారు.

మందు వేసుకోకుండా వదిలేస్తే మైగ్రేన్ 4 గంటల నుంచి 72 గంటల వరకు ఉంటుంది. తరచు తలలో ఒక పక్కే వస్తుంది కానీ రెండు పక్కలా రావడం కూడా మామూలే. కణతలు కొట్టుకుంటాయి, వంగితే, నడిస్తే, మెట్లెక్కితే పెరుగుతుంది. వికారం లేదా వాంతులు, వెలుతురు, చప్పుడు భరించలేకపోవడం దీనికి తోడు. మగవారి కంటే ఆడవారిలో రెండు మూడు రెట్లు ఎక్కువ, నెలసరి దగ్గర పడినప్పుడు మరీ ఎక్కువ. కొద్దిమందికి నొప్పికి ముందు కళ్ల ముందు మెరుపు గీతలు, వంకర టింకర అంచులున్న మచ్చలు కనిపించడం, చెయ్యీ మూతీ తిమ్మిరెక్కడం జరుగుతుంది. దీన్ని ఆరా అంటారు. అది నిమిషాల మీద నెమ్మదిగా పాకుతూ వస్తుంది, 5 నుంచి 60 నిమిషాల్లో పోతుంది. పక్షవాతంలో తిమ్మిరి, చూపు పోవడం ఇలా పాకవు, ఒక్కసారిగా మీద పడతాయి. ఆ తేడా ఇంట్లో ఎవరికి వారు తేల్చుకోదగ్గది కాదు కాబట్టి, మొదటిసారి ఇలా జరిగితే వెంటనే ఆసుపత్రిలో చూపించుకోవలసిందే. ఆరాతో మైగ్రేన్ వచ్చే స్త్రీలు ఈస్ట్రోజన్ ఉన్న గర్భనిరోధక మాత్రలు వాడకూడదు. పక్షవాతం ముప్పు పెరుగుతుంది.

పైత్యం అన్న మాట ఎందుకు పుట్టిందో ఊహించడం కష్టం కాదు. మైగ్రేన్‌లో కడుపు మందగిస్తుంది, తిన్నది కిందికి దిగదు, చివరికి పసరు వాంతి అవుతుంది, వాంతి అయ్యాక చాలామందికి నొప్పి తెరిపినిస్తుంది. పసరు పోయింది కాబట్టి తగ్గిందని మనవాళ్లు అనుకుంటారు. నిజానికి వాంతి కూడా తలనొప్పిలో భాగమే. ఈ సంగతి తెలియక ఏళ్ల తరబడి గ్యాస్ బిళ్ళలు మింగుతున్నవారు నాకు తెలుసు. కడుపు మందగించడం వల్ల ఇంకొక చిక్కు కూడా ఉంది: నొప్పి ముదిరాక వేసుకున్న బిళ్ళ కడుపులోనే ఉండిపోయి, రక్తంలోకి చేరడం ఆలస్యమవుతుంది. కాసేపు ఓర్చుకుందాం, మరీ తట్టుకోలేకపోతే వేసుకుందాం అనే మన ఇళ్లలోని నియమం మైగ్రేన్‌కు పనికిరాదు. మొదలైన తొలి గంటలోనే వేసుకోవాలి. వాంతి ఎక్కువగా ఉండేవారికి డాక్టర్లు వాంతి మందు కూడా కలిపి రాసేది ఇందుకే.

సైనస్ సంగతి ఇంతకంటే ఆసక్తికరం. మైగ్రేన్ వచ్చినప్పుడు ముక్కు దిబ్బడ, కంట్లో నీరు, బుగ్గ ఎముకల మీద బరువు చాలామందికి ఉంటాయి. అమెరికాలో 2004లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో, తమకు సైనస్ తలనొప్పి ఉందని చెప్పుకున్న 2,991 మందిని పరిశీలిస్తే 88 శాతం మందికి ఉన్నవి మైగ్రేన్ లక్షణాలే. నిజమైన సైనస్ ఇన్ఫెక్షన్‌లో ముక్కు నుంచి చిక్కని పసుపు, పచ్చ చీమిడి వస్తుంది, వాసన తెలియదు, తరచు జ్వరం ఉంటుంది; అది కొద్ది రోజుల్లో ఏదో ఒక దారి పడుతుంది. నెలకు రెండు సార్లు వచ్చి, ఒక రోజు ఉండి, ముక్కు శుభ్రంగా ఉన్నా వాంతి చేయించి వెళ్లేది సైనస్ కాదని నేను గట్టిగా చెబుతాను. ఆ పేరు మీద ప్రతిసారీ యాంటీబయాటిక్ కోర్సు అడిగేవారికి ఇవ్వను.

బీపీ మీద కూడా అనవసరమైన నింద పడుతోంది. 150, 160 వరకు ఉన్న బీపీ మామూలుగా తలనొప్పి తెప్పించదు. అది ఏ చప్పుడూ లేకుండా గుండెనూ కిడ్నీనీ దెబ్బతీస్తుంది. "తలనొప్పి లేదు కాబట్టి బీపీ లేదు" అని బిళ్ళలు మానేసేవారు ఈ నమ్మకానికి రెండవ వైపు, నన్ను ఎక్కువ భయపెట్టే వైపు. పైసంఖ్య 180, కిందిసంఖ్య 120 దాటి, దానితో పాటు తలనొప్పి, చూపు మసకబారడం, తికమక ఉంటే అది వేరే కథ, అది అత్యవసరం. కళ్లజోడు విషయంలో, బడిపిల్లలకు చూపు పరీక్ష చేయించడం ఎలాగూ మంచిదే కానీ, పిల్లవాడు వాంతి చేసుకుని పడుకుని లేచాక మామూలుగా ఆడుకుంటున్నాడంటే అది పిల్లల మైగ్రేన్ అయ్యే అవకాశం ఎక్కువ. పిల్లల్లో అది రెండు గంటల్లోనే ముగిసిపోవచ్చు, నుదుటికి రెండు వైపులా ఉండవచ్చు. 16 ఏళ్ల లోపువారికి ఆస్పిరిన్ ఇవ్వకూడదు.

తలనొప్పిని రెచ్చగొట్టే కారణాల్లో మన జీవన విధానానికి దగ్గరివి కొన్ని ఉన్నాయి. తలంటు పోసుకున్న రోజు తలనొప్పి వస్తుందని చెప్పే ఆడవారి మాటను చాలాకాలం ఎవరూ పట్టించుకోలేదు. ముంబయికి చెందిన తలనొప్పి నిపుణుడు డాక్టర్ కె. రవిశంకర్ 94 మంది భారతీయ రోగుల్లో ఈ విషయాన్ని గమనించి 2006లో ఒక అంతర్జాతీయ వైద్య పత్రికలో ప్రచురించారు. పొడవైన జుట్టు, తడితల ఆరడానికి పట్టే సమయం ఉన్న మన దేశంలోనే ఇది ఎక్కువగా కనబడటంలో ఆశ్చర్యం లేదు. ఉపవాసం మరొకటి. కార్తిక సోమవారాలు, శనివారాలు, రంజాన్ మాసం తొలి రోజులు, ఈ సందర్భాల్లో మా షాపుకు వచ్చే వారిలో చాలామంది పొద్దుటి నుంచి కాఫీ, టీ కూడా తాగనివారే. రోజూ బాగా కాఫీ అలవాటున్నవారు ఒక్కసారిగా మానేస్తే 24 గంటల్లో తలనొప్పి పట్టుకుంటుంది, వారంలోగా దానంతట అదే పోతుంది. ఉపవాసాలు మానమని ఎవరికీ చెప్పను. ముందు వారం నుంచే కాఫీ తగ్గించుకుంటూ రమ్మంటాను. ఇక రెంటచింతల ఎండ గురించి రాష్ట్రమంతటికీ తెలుసు, మైగ్రేన్ ఉన్నవారికి దానిని గురించి వివరించనక్కరలేదు.

అరుదైనదే అయినా ఇంకొక రకాన్ని చెప్పాలి. క్లస్టర్ తలనొప్పి ఎక్కువగా మగవారికి వస్తుంది. ఒక కన్ను చుట్టూ భరించరాని నొప్పి, ఆ కన్ను ఎర్రబడి నీరు కారడం, అదే పక్క ముక్కు కారడం, 15 నిమిషాల నుంచి 3 గంటల్లో తగ్గిపోవడం, రోజూ దాదాపు ఒకే వేళకు, తరచు అర్ధరాత్రి తిరిగి రావడం దీని గుర్తులు. మైగ్రేన్ మనిషి కదలకుండా పడుకుంటే, ఈ మనిషి నిలవలేక గదిలో తిరుగుతాడు. దీనికి మామూలు బిళ్ళలు పనిచేయవు. ఆసుపత్రిలో మాస్కు ద్వారా ఎక్కువ మోతాదులో ఆక్సిజన్ పెడితే చాలామందికి పావుగంటలో తగ్గుతుంది. ఇలాంటివారిని న్యూరాలజిస్టు దగ్గరకే పంపాలి.

ఇప్పుడు నాలుగవ ప్రశ్న, అంటే బిళ్ళల లెక్క. మందుల షాపు మనిషిగా నాకు అన్నిటికంటే దగ్గరి విషయం ఇదే. మా వీధిలో బట్టలు కుట్టే ఒకావిడ పొద్దున్నే షట్టరు తీసేసరికి వచ్చి నిలబడేది.

"అన్నా, ఎప్పుడూ ఇచ్చేయి రెండియ్యన్నా."

"నిన్న కూడా తీసుకెళ్లావు కదమ్మా?"

"వేసుకోకపోతే మిషను ముందు కూర్చోలేనన్నా. కళ్లు తెరిచేసరికే పట్టేసుంటది."

ఆమె వాడుతున్నది ఎర్గోటమిన్ (మైగ్రేన్‌కు వాడే పాత మందు), కెఫీన్, పారాసెటమాల్ కలిసిన బిళ్ళ, ఎవరో ఎప్పుడో రాసిన చీటీ మీద. ఆమె దగ్గర అట్ట ముక్కలే తప్ప పూర్తి అట్ట ఎప్పుడూ లేదు. కత్తెరతో రెండేసి కత్తిరించి ఇవ్వడం వల్ల పేరున్న భాగం ఒకరికి, గడువు తేదీ ఉన్న భాగం మరొకరికి పోతాయి, తాను ఏం మింగుతోందో ఆమెకు తెలియదు. ముందు నుంచే తలనొప్పి ఉన్న మనిషి నొప్పి బిళ్ళలను తరచు వాడుతూ పోతే, ఆ బిళ్ళలే రోజూ వచ్చే తలనొప్పికి కారణమవుతాయి. పారాసెటమాల్, ఐబుప్రోఫెన్ వంటి ఒంటరి మందులైతే నెలకు 15 రోజులు, కెఫీన్ వగైరాలు కలిసిన బిళ్ళలు, ఎర్గోటమిన్, ట్రిప్టాన్లు (మైగ్రేన్‌కు ప్రత్యేకంగా వాడే మందులు), ట్రామడాల్ వంటి నల్లమందు కోవ మందులైతే నెలకు 10 రోజులు, మూడు నెలలకు మించి వాడితే ఆ గీత దాటినట్టేనని వైద్యుల లెక్క. ఎన్ని బిళ్ళలన్నది కాదు, ఎన్ని రోజులన్నది ముఖ్యం. తెల్లవారుజామున తలనొప్పితో మెలకువ రావడం, బిళ్ళ పడగానే తగ్గి సాయంత్రానికి మళ్లీ రావడం దీని వాలకం.

దీనికి వైద్యం ఆ బిళ్ళను ఆపడమే, కానీ ఆపిన మొదటి వారం పది రోజులు నొప్పి ఇంకా పెరుగుతుంది, వాంతులు, నిద్రలేమి, చిరాకు ఉంటాయి. ఆ సంగతి ముందే చెప్పి, ఆ రోజులను దాటించడానికి వేరే మందు ఇచ్చి, నివారణ మందు మొదలుపెట్టే డాక్టరు అండ కావాలి. గుంటూరులో న్యూరాలజిస్టు దగ్గరకు వెళ్లమని ఆమెకు రాసిచ్చాను. వెళ్లింది, గిరాకీ తగ్గిన సమయం చూసుకుని ఆపింది, ఆ వారం మిషను ముందు కూర్చోలేదు. ఇప్పుడు నెలకు మూడు నాలుగు సార్లకు మించి తలనొప్పి రావడం లేదని చెబుతుంది. ట్రామడాల్ వంటి మందులను చాలాకాలంగా వాడుతున్నవారు మాత్రం తమంతట తాము హఠాత్తుగా ఆపకూడదు.

మామూలు బిళ్ళల్లో కూడా చూసుకోవలసినవి ఉన్నాయి. జలుబు బిళ్ళలో, ఒళ్లునొప్పుల బిళ్ళలో, జ్వరం బిళ్ళలో మూడింటిలోనూ పారాసెటమాల్ ఉండవచ్చు. ఒకే రోజు మూడూ మూడేసి సార్లు వేసుకుంటే పెద్దవారి గరిష్ఠ పరిమితి అయిన 4 గ్రాములు తెలియకుండానే దాటిపోవచ్చు, మద్యం అలవాటున్నవారి కాలేయానికి అంతకంటే తక్కువే ప్రమాదం. వర్షాకాలంలో జ్వరం, కంటి గుడ్డు వెనక నొప్పి, ఒళ్లు విరుపులు కలిసి వస్తే డెంగ్యూ కాదని తేలేదాకా ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్, ఆస్పిరిన్ జోలికి పోకూడదు, రక్తస్రావం ముప్పు ఉంటుంది. కిడ్నీ జబ్బు, కడుపులో పుండ్లు ఉన్నవారికి కూడా ఇవి పడవు.

ఇక, బిళ్ళ ఇవ్వకుండా ఆసుపత్రికి పంపేవారి సంగతి. ఒక్క నిమిషం లోపే పతాక స్థాయికి చేరిన నొప్పి, ముఖ్యంగా జీవితంలో ఎన్నడూ ఎరగనంతటిది, మెదడు రక్తనాళం గోడలో ఉబ్బిన చోటు పగిలి మెదడు చుట్టూ రక్తం చేరడం వల్ల కావచ్చు. అలాంటప్పుడు 108కి ఫోన్ చేయాలి, బిళ్ళ వేసి చూద్దామనుకోకూడదు. తొలి 6 గంటల్లో తీసిన సీటీలో అది దాదాపుగా దొరికిపోతుంది. ఆలస్యమయ్యే కొద్దీ సీటీలో కనిపించకపోవచ్చు, అప్పుడు వెన్ను నీరు తీసి చూడవలసి వస్తుంది. తలనొప్పితో పాటు మూతి వంకర, చేయి కాలు పడిపోవడం, మాట తడబడటం, ఫిట్స్, మగత ఉన్నా అదే దారి. జ్వరంతో మెడ బిగుసుకుపోతే మెనింజైటిస్ (మెదడు పొరల ఇన్ఫెక్షన్) అనుమానించాలి. వారాల తరబడి సాయంత్రపు జ్వరం, బరువు తగ్గడం, రోజురోజుకూ పెరిగే తలనొప్పి, మనిషి ధోరణిలో మార్పు ఉంటే మెదడు పొరల క్షయ గుర్తుకు రావాలి. అది నెమ్మదిగా వస్తుంది కాబట్టే ఆలస్యంగా బయటపడుతుంది. పెద్దవయసువారు, రక్తం పలచబడే మందులు వాడేవారు తలకు చిన్న దెబ్బ తగిలిన కొన్ని వారాల తర్వాత తలనొప్పి, తూలు అంటే లోపల నెమ్మదిగా రక్తం చేరి ఉండవచ్చు. 50 ఏళ్లు దాటాక తొలిసారిగా వచ్చే తలనొప్పిని వయసు మీద తోసేయకూడదు. కణతలు తాకితే నొప్పి, నమిలితే దవడ నొప్పి తోడైతే కణతల్లోని ధమనుల వాపు వల్ల చూపు పోయే ప్రమాదం ఉంది. కన్ను ఎర్రబడి, దీపాల చుట్టూ రంగుల వలయాలు కనిపించి, వాంతులవుతుంటే కంటి ఆసుపత్రికి ఆ రోజే వెళ్లాలి. చలికాలంలో మూసిన బాత్‌రూములో గ్యాస్ గీజరు కింద స్నానం చేసి తలనొప్పితో, తల తిరుగుడుతో బయటికి వచ్చినవారిని ముందు గాలిలోకి తీసుకురావాలి. అది కార్బన్ మోనాక్సైడ్ విషం కావచ్చు.

గర్భిణుల, బాలింతల తలనొప్పి గురించి ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే దాన్ని చిన్నచూపు చూడటం మన ఇళ్లలో ఎక్కువ. 20 వారాలు నిండిన గర్భిణికి తలనొప్పి వస్తే మొదట చేయవలసింది బీపీ చూడటం. 140/90 దాటితే గుర్రపువాతానికి (బీపీ పెరిగిన గర్భిణికి ఫిట్స్ వచ్చే జబ్బుకు) ముందు దశ కావచ్చు, అది ప్రసవం తర్వాత ఆరు వారాల వరకు కూడా రావచ్చు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం కాన్పులు సిజేరియన్లే. వాటిలో అధిక భాగం నడుములో మత్తు ఇచ్చి చేసేవి. ఆ సూది పోటు దగ్గర వెన్ను నీరు కారితే, లేచి కూర్చుంటే పెరిగి పడుకుంటే తగ్గే తలనొప్పి తొలి అయిదు రోజుల్లో మొదలవుతుంది, ఎక్కువమందికి రెండు వారాల లోపు పోతుంది, పోకపోతే మత్తు డాక్టరు దగ్గర దానికి చికిత్స ఉంది. కానీ పడుకున్నా తగ్గక, రోజురోజుకూ పెరుగుతూ, వాంతులు, ఫిట్స్, చూపు మసక తోడైతే అది మెదడు సిరల్లో రక్తం గడ్డకట్టడం కావచ్చు. బాలింతకు మంచినీళ్లు ఎక్కువ ఇవ్వకూడదని, దాహమైతే గొంతు తడపాలని చెప్పే పెద్దలు మా ఊళ్లో ఇప్పటికీ ఉన్నారు. ఒంట్లో నీరు తగ్గితే రక్తం గడ్డకట్టే ముప్పు పెరుగుతుంది. మెదడు సిరల్లో రక్తం గడ్డకట్టే ఈ జబ్బు బాలింతలకే పరిమితం కాదు. హైదరాబాద్ నిమ్స్‌లో చికిత్స పొందిన 428 మంది వివరాలు 2012లో ప్రచురితమయ్యాయి, వారిలో సగానికి పైగా పురుషులే.

ఈ గుర్తులేవీ లేనివారు కూడా డాక్టరు దగ్గరకు వెళ్లవలసిన సందర్భాలున్నాయి: నెలలో నాలుగు రోజులకు మించి తలనొప్పి వల్ల పని ఆగిపోతున్నా, వారానికి రెండు రోజులకు మించి బిళ్ళ వేసుకోవలసి వస్తున్నా, పాత తలనొప్పి తీరు మారినా. వెళ్లేటప్పుడు ఒక నెల లెక్క రాసుకుని వెళితే చాలు. తేదీ, ఎన్ని గంటలు, వాంతి అయిందా, నెలసరా, ఏం వేసుకున్నారు, అంతే. క్యాలెండరు మీద వేసిన గుర్తులైనా పనికొస్తాయి. డాక్టరు బీపీ చూసి, కంటి వెనక నరాన్ని లైటు వేసి పరీక్షించి, తీరు స్పష్టంగా మైగ్రేనేనని తేలితే స్కాను రాయకపోవచ్చు. "తలకాయ స్కాన్ కూడా తీయించలేదు, ఏం డాక్టరు" అని మా షాపులో నిందించేవారికి నేను చెప్పేది, అడగవలసినవి అడిగి స్కాను అక్కరలేదన్న డాక్టరే మీకు మేలు చేశాడని.

మైగ్రేన్‌కు వైద్యం రెండు రకాలు. వచ్చినప్పుడు వేసుకునేవి: నాప్రాక్సెన్ వంటివి, అవి చాలకపోతే సుమట్రిప్టాన్, రిజాట్రిప్టాన్. ఇవి డాక్టరు చీటీ మీదే. గుండె జబ్బు, పక్షవాతం వచ్చినవారికి ట్రిప్టాన్లు ఇవ్వరు. రాకుండా రోజూ వేసుకునేవి: ప్రొప్రనాలోల్, అమిట్రిప్టిలిన్, టోపిరమేట్, ఫ్లునారిజిన్. ఉబ్బసం ఉన్నవారికి ప్రొప్రనాలోల్ పడదు. ఫ్లునారిజిన్‌తో బరువు పెరగవచ్చు, దిగులు రావచ్చు, వయసు మళ్లినవారిలో వణుకు రావచ్చు. అమిట్రిప్టిలిన్‌తో మగత, నోరెండటం ఉంటాయి. దాన్ని మానసిక వ్యాధికి వాడతారని అట్ట మీద పేరు వెతికి చూసి భయపడి మానేసేవారికి, మైగ్రేన్‌కు వాడే మోతాదు వేరని, కారణం వేరని చెబుతుంటాను. పిల్లలు కనే వయసులో ఉన్న స్త్రీలు టోపిరమేట్, నివారణకే కొందరికి రాసే వాల్‌ప్రోయేట్ విషయంలో గర్భం ఆలోచనను డాక్టరుకు ముందే చెప్పాలి, రెండూ కడుపులో బిడ్డకు హాని చేయగలవు. మైగ్రేన్ నొప్పిలో పాలుపంచుకునే సీజీఆర్‌పీ అనే పదార్థాన్ని అడ్డుకునే కొత్త ఇంజెక్షన్లు 2018 నుంచి అందుబాటులోకి వచ్చాయి కానీ, మా దగ్గర వాటిని అడిగేవారు లేరు, ధర అలాంటిది.

ఈ నివారణ మందులు నొప్పి బిళ్ళల్లా గంటలో ఫలితం చూపవు. సరైన మోతాదుకు చేరాక కూడా ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. పది రోజులు వాడి, తేడా లేదని అట్ట తిరిగి తెచ్చి ఇచ్చేవారికి నేను డబ్బు వెనక్కి ఇవ్వను, మందు మాత్రం మళ్లీ చేతిలో పెట్టి రెండు నెలల తర్వాత క్యాలెండరు తెచ్చి చూపించమంటాను.